చెన్నైలో దీపావళి, ఇంట్లో కుక్కా పిల్లీ: ముందు తలుపు సంగతి చూసుకోండి

మీరు అడిగింది ఇదీ: విరుగంబాక్కంలో మూడో అంతస్తు ఫ్లాట్, రెండేళ్ల ఇండీ (మన నాటు జాతి) కుక్క, ఒక మగ పిల్లి, ఏడేళ్ల పాప. పోయిన దీపావళికి కుక్క మంచం కింద దూరి రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఈసారి అలా కాకుండా ఏం చేయాలి, నిద్రమాత్ర లాంటిది వేయొచ్చా, సంక్రాంతికి నెల్లూరు వెళ్లేటప్పుడు వీటినేం చేయాలి అని. నేను పెరంబూరులో ఉంటాను. పదహారేళ్లు ఒక వెటర్నరీ క్లినిక్‌లో డాక్టర్ గారికి అసిస్టెంటుగా పనిచేశాను, ఇప్పుడు పండగలప్పుడు తెలిసినవాళ్ల కుక్కల్ని నాలుగైదింటిని మా ఇంట్లోనే పెట్టుకుని చూసుకుంటాను. నేను డాక్టర్ని కాదు కాబట్టి మందుల డోసులు చెప్పను. మిగతాదంతా నేను చూసింది, చేసింది.

మొదట టైము గురించి. ఆన్‌లైన్‌లో దొరికే సలహాలన్నీ దీపావళి సాయంత్రం ఆరింటికి మొదలవుతుందన్నట్టే ఉంటాయి. మన వైపు అది నిజమే, అమావాస్య నాడు చీకటి పడ్డాక గోగు కాడలకు గుడ్డ వత్తులు కట్టి దివిటీలు తిప్పి, కాళ్లు కడుక్కుని, స్వీటు నోట్లో వేసుకుని అప్పుడు కాలుస్తాం. చెన్నైలో అసలు పండగ నరక చతుర్దశి తెల్లవారుజామున. చీకటితోనే తలంటు పోసుకుని, కొత్తబట్టలు వేసుకుని, చెంచాడు దీపావళి లేహ్యం తిని, ఇంకా తెల్లారకముందే మొదటి టపాకాయల సరం ముట్టిస్తారు. 2018లో సుప్రీంకోర్టు రోజుకు రెండు గంటలే అన్నాక తమిళనాడులో ఉదయం 6 నుంచి 7, రాత్రి 7 నుంచి 8 అని టైము ఇస్తూ వస్తున్నారు, కానీ మా వీధిలో నాలుగున్నరకే వినిపిస్తుంది, ముందు రోజు సాయంత్రం నుంచే అక్కడక్కడా పేలుతూనే ఉంటాయి. మనలాంటి తెలుగిళ్లు నాలుగు ఉన్న చోటైతే పొద్దున వాళ్లది, రాత్రికి మనది. కాబట్టి మీ కుక్క తట్టుకోవాల్సింది ఒక సాయంత్రం కాదు, దాదాపు ముప్ఫై ఆరు గంటలు. పోయినసారి అది రెండు రోజులు తినలేదంటే అందులో వింతేమీ లేదు.

ఆ లెక్క ప్రకారమే దాని రోజు మార్చాలి. ముందు రోజు మధ్యాహ్నం మూడింటికల్లా బాగా అలిసిపోయేలా తిప్పండి, ఐదింటికల్లా అన్నం పెట్టేయండి. పండగ నాడు తెల్లవారుజామున మూడున్నరకు లేపి కిందికి తీసుకెళ్లి కాలకృత్యాలు కానిచ్చి తెచ్చేయండి. ఆ తర్వాత మళ్లీ బయటికి మధ్యాహ్నం పన్నెండు, ఒంటిగంట మధ్యే, వీధి కాస్త సద్దుమణిగే వేళ అది.

ఇక తలుపు. పదహారేళ్లలో నేను క్లినిక్‌లో చూసిన దీపావళి కేసుల్లో కాలిన గాయాలు తక్కువే. ఎక్కువమంది ఏడుస్తూ వచ్చింది కుక్క పారిపోయిందనీ, పారిపోతూ బండి కింద పడిందనీ. మా ఇంట్లోనూ అదే జరిగింది. మా కుక్క చిట్టి అప్పటికి ఐదేళ్లది, ఉరుముకే వణికే పిల్ల. దీపావళి రోజు పొద్దున ఐదున్నరకు పక్కింటి పాటి (బామ్మగారు) స్వీట్ల పళ్లెం పట్టుకుని వచ్చారు. మా ఆయన ఒక చేత్తో తలుపు తీసి ఇంకో చేత్తో పళ్లెం అందుకుంటున్నారు, సరిగ్గా అప్పుడే కింద ఎవరో వెయ్యి వాలా అంటించారు. చిట్టి ఆయన కాళ్ల మధ్యలోంచి జారింది. మెట్ల దగ్గర నేను కాలర్ పట్టుకున్నాను కూడా, అది వెనక్కి ఒక్క గుంజు గుంజేసరికి తల బయటికి వచ్చేసి కాలర్ నా చేతిలో మిగిలింది. మూడు రాత్రులు తిరిగాం. మూడో రాత్రి రెండు గంటలప్పుడు రైల్వే క్యారేజ్ వర్క్స్ గోడ పక్కన ఆగి ఉన్న లారీ కింద దొరికింది. నా గొంతు విని కూడా మొదట రాలేదు. నేను రోడ్డు మీద పక్కకు తిరిగి కూర్చుని, దాని మొహం వైపు చూడకుండా, నా పాత నైటీ కింద పరిచి మెల్లగా మాట్లాడుతూ ఉంటే ఇరవై నిమిషాలకు పాక్కుంటూ వచ్చి ఆ గుడ్డ మీద పడుకుంది. నాలుగు పాదాల కింద తోలు లేచిపోయి ఉంది, గోళ్లు రక్తం వచ్చేదాకా అరిగిపోయాయి.

అందుకే మొదటి మాటగా చెప్తున్నాను, పండగ రెండు రోజులూ మీ కుక్కకూ వీధికీ మధ్య ఎప్పుడూ రెండు తలుపులు మూసి ఉండాలి. ఒకటి ఇంటి తలుపు, రెండోది అది ఉన్న గది తలుపు. బెల్లు మోగితే ముందు గది తలుపు మూసి, గొళ్లెం పడిందో లేదో చేత్తో లాగి చూసి, అప్పుడు వీధి తలుపు తీయాలి. గ్రిల్ గేటుంటే పళ్లెం గ్రిల్ లోంచే అందుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు, లోపల కుక్క భయపడుతోందని చెప్తే సరి. ఈ రూలు పాపకు ముందు నేర్పండి, ఎందుకంటే కాకరపువ్వొత్తులు చేతికొచ్చాక పిల్లలు పదిసార్లు లోపలికీ బయటికీ పరిగెత్తుతారు. బాల్కనీ తలుపు కూడా అంతే. భయపడిన పిల్లి మూడో అంతస్తు అని చూసుకోదు, దూకేస్తుంది. నెట్ లేకపోతే ఆ రెండు రోజులూ బాల్కనీ మూసే ఉంచండి.

బయటికి తీసుకెళ్లేటప్పుడు కాలర్ ఒక్కదాన్నే నమ్మకండి. ఛాతీ చుట్టూ వచ్చే హార్నెస్ వేసి, దానికో తాడు, కాలర్‌కో తాడు, రెండూ చేతికి చుట్టుకోండి. కాలర్ కింద రెండు వేళ్లు దూరాలి, మూడో వేలు దూరిందంటే వదులు. దాని మీద చెరగని మార్కర్‌తో మీ ఫోన్ నంబరు రాయండి, ఊగే బిళ్ల ఊడిపోవచ్చు, రాసింది పోదు. కార్పొరేషన్ లైసెన్సు కోసం మైక్రోచిప్ వేయించి ఉంటే మంచిదే, కాని అది దారి చూపించే జీపీఎస్ కాదు, ఎవరైనా పట్టుకుని స్కాన్ చేస్తేనే నంబరు కనిపిస్తుంది. ఆ నంబరు కింద ఇప్పుడు వాడుతున్న ఫోనే ఉందో లేదో చూసుకోండి. ఒకవేళ తప్పిపోతే వెంటపడి పరిగెత్తొద్దు, పేరు పెట్టి గట్టిగా అరుస్తూ పదిమంది కలిసి వెతకొద్దు, అది ఇంకా దూరం పోతుంది. పగలు ఆగి ఉన్న కార్ల కింద, మెట్ల కింద, మోటార్ రూముల్లో చూడండి, పాలబ్బాయికీ, వీధి ఊడ్చే కార్మికులకూ, టీకొట్టు అన్నకూ ఫోటో చూపించండి. అసలు వెతుకులాట రాత్రి రెండింటి నుంచి నాలుగింటి మధ్య, ఊరంతా సద్దుమణిగాక.

ఇప్పుడు గది. ఏ గదో మీరు నిర్ణయించకండి, దాన్నే నిర్ణయించుకోనివ్వండి. ఇక్కడ మనకో వీలుంది, దీపావళి వచ్చేదే ఈశాన్య రుతుపవనాల రోజుల్లో. ఉరుములకు భయపడే కుక్కలు ఎక్కువగా టపాకాయలకూ భయపడతాయి, కాబట్టి అక్టోబరులో మొదటి ఉరుముకు అది ఎక్కడికి పోయి దాక్కుంటుందో గమనించండి. మీ కుక్క పోయినసారి మంచం కిందికే పోయిందన్నారు కదా, అదే దాని గూడు. అక్కడే పాత బొంత, మీరు కట్టి విడిచిన ఉతకని చీర లేదా చున్నీ, గిన్నెలో నీళ్లు పెట్టండి, మంచానికి మూడు వైపులా దుప్పటి వేలాడేయండి. కిటికీలు మూసి మందపాటి కర్టెన్లు వేయండి, ట్యూబ్‌లైటు వెలుగుతూనే ఉంచండి, గది చీకటిగా ఉంటే బయటి మెరుపులు గోడ మీద కొట్టినట్టు కనిపిస్తాయి. ఫ్యాను ఫుల్ స్పీడు, ఏసీ ఉంటే ఏసీ, టీవీయో రేడియోనో ఒక మోస్తరు సౌండులో పెట్టండి. పూర్తిగా చప్పుడు ఆపలేం. మన చెవికి 20,000 హెర్ట్జ్ వరకే వినపడితే కుక్కకు దాదాపు 45,000 వరకు, పిల్లికి 60,000 దాటి వినపడుతుంది. నాలుగు మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్ మించే టపాకాయ అమ్మకూడదని మన దేశంలో రూలు, అంటే ఆ గీత దాకా మోగేది చట్టప్రకారమే మోగుతుంది. గ్రీన్ టపాకాయలే కదా అని నమ్మకం పెట్టుకోకండి, వాటికి పొగ తగ్గుతుంది కానీ చప్పుడు చప్పుడే.

మంచం కింది నుంచి దాన్ని లాగొద్దు, ధైర్యం రావాలని బాల్కనీలోకి ఎత్తుకెళ్లి చూపించొద్దు. నేను చూసిన కాట్లలో చాలా వరకు అలా లాగిన చేతులకే. మరో మాట చాలామంది చెప్తారు, భయపడినప్పుడు దగ్గరికి తీసుకుంటే అలుసై భయం ఇంకా పెరుగుతుందని. అది తప్పండీ. భయం అనేది కావాలని చేసే పని కాదు, బుజ్జగిస్తే ఎక్కువ కావడానికి. అది మీ ఒళ్లోకి వస్తే చక్కగా పట్టుకుని కూర్చోండి, ఛాతీ మీద చెయ్యి ఆనించి నెమ్మదిగా నిమరండి, రాకపోతే మంచం పక్కన నేల మీద పడుకుని ఏదో ఒకటి చదువుకోండి. కొన్నిటికి ఒంటికి బిగుతుగా గుడ్డ చుడితే నెమ్మదిస్తాయి, పాప పాత టీషర్టు తొడిగి నడుం దగ్గర ముడి వేసి చూడండి, ముందు మామూలు రోజున. పాపకు మాత్రం చెప్పండి, వణుకుతున్న కుక్కను కౌగిలించుకోకూడదని. ఎంత మంచి కుక్కయినా ఆ క్షణంలో కరవొచ్చు. కరిస్తే మీ సొంత కుక్కే కదా అని ఊరుకోకుండా కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

మందు సంగతి. వేయొచ్చు, కొన్నిటికి వేయాలి కూడా. రెండు రోజులు అన్నం మానేసిన కుక్కకు మందు గురించి అడగడం తప్పేమీ కాదు, సిగ్గుపడాల్సిందీ లేదు. కాని పండగకు కనీసం రెండు మూడు వారాల ముందు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, ఫోన్‌లో వీడియో ఉంటే చూపించండి. భయాన్నే తగ్గించే మందులు ఇప్పుడున్నాయి. పాతకాలంలో ఎక్కువగా ఎసిప్రొమజైన్ అనే మత్తుమందు ఇచ్చేవాళ్లు, అది ఒక్కటే వేస్తే ఒళ్లు కదలదు, కుక్క పడుకున్నట్టే కనిపిస్తుంది, లోపల మాత్రం చప్పుళ్లన్నీ వింటూ భయపడుతూనే ఉంటుంది. కాబట్టి ఏం రాస్తున్నారో అడగండి, అడగడం మీ హక్కు. ఇచ్చిన మందు ఒక మామూలు ఆదివారం ఒకసారి వేసి చూడండి, ఎంతసేపటికి పనిచేస్తుంది, తూలుతోందా, వాంతి చేసుకుందా అన్నది తెలుస్తుంది. భయం మొదలయ్యాక వేస్తే సగం కూడా పనిచేయదు, చెన్నై లెక్కలో అంటే తెల్లవారుజామున మొదటి సరానికి ముందే లోపలికి పోయి ఉండాలి. మనుషుల మాత్ర ఏదీ వద్దు. పిల్లికి ఒక్క పారాసిటమాల్ మాత్ర చాలు ప్రాణం పోవడానికి, ఐబూప్రోఫెన్ కుక్కకు కడుపులో పుండ్లు చేసి కిడ్నీలు దెబ్బతీస్తుంది. టపాకాయల రికార్డింగు చిన్నగా పెట్టి, బిస్కెట్లు ఇస్తూ అలవాటు చేసే పద్ధతి నిజంగానే పనిచేస్తుంది, కాని దానికి నెలలు పడుతుంది. పండగ వారం ముందు మొదలుపెడితే భయం పెంచినట్టే, ఈ ఏటికి వదిలేసి పండగయ్యాక మొదలుపెట్టండి.

తిండి దగ్గర జనం మైసూర్‌పాక్ గురించి అడుగుతారు. ఒక ముక్క తింటే ఏమీ కాకపోవచ్చు, పెట్టెడు నెయ్యి స్వీటు తింటే క్లోమం వాచి ప్రాణం మీదికి వస్తుంది, దణ్ణం పెడుతున్నట్టు ముందు కాళ్లు చాపి వెనక భాగం పైకెత్తి నిలబడితే అది కడుపునొప్పి గుర్తు. నాకు అంతకంటే భయం కిస్‌మిస్ అంటే. పరమాన్నంలో, కేసరిలో, క్రిస్మస్‌కు వచ్చే ప్లమ్ కేకులో ఉంటుంది, కొన్ని కుక్కలకు కొంచెం తిన్నా కిడ్నీలు ఆగిపోతాయి, ఎంత తింటే ప్రమాదమో ముందుగా చెప్పలేం. డార్క్ చాక్లెట్, జైలిటాల్ (చక్కెరకు బదులు వాడే తీపి పదార్థం) వేసిన షుగర్‌లెస్ చూయింగ్ గమ్ కూడా విషమే, టీపాయ్ మీద గిఫ్టు పెట్టెలు ఉంచకండి. ఉల్లిపాయ వేసిన గారెలు, పకోడీలు తిన్న రోజు బాగానే ఉంటుంది, రెండు మూడు రోజులకు చిగుళ్లు తెల్లబడి మూత్రం ముదురు రంగులో వస్తుంది, అప్పుడు ఎవరికీ ఆ పకోడీలు గుర్తుండవు. ఏదైనా తినేస్తే ఉప్పునీళ్లు తాగించి కక్కించడం చేయొద్దు, తిన్నదాని కవరు చేత్తో పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

పిల్లికి తిండి కంటే పూలదండ ప్రమాదం. చెన్నైలో నవరాత్రి కొలువు నుంచి దీపావళి దాకా ప్రతి ఇంట్లో మూర మల్లెపూలు ఉంటాయి, వాడిపోయాక దండ ఏ మూలో పడేస్తాం. పిల్లి దాంతో ఆడుకుంటూ దారం మింగుతుంది. దాని నాలుక మీద ముళ్లు వెనక్కి తిరిగి ఉంటాయి, నోట్లోకి పోయిన దారాన్ని అది ఉమ్మలేదు. ఒకసారి క్లినిక్‌కి ఒక పిల్లి వచ్చింది, మూడు రోజులుగా తినట్లేదు, పైకి ఏమీ కనిపించలేదు. డాక్టర్ గారు నోరు తెరిచి గడ్డం కింద నుంచి బొటనవేలితో నాలుకను పైకి నొక్కితే అప్పుడు కనిపించింది, నాలుక అడుగున మాంసంలోకి కోసుకుపోయిన తెల్ల దారం. ఆ చివర అక్కడ చిక్కుకుంది, ఈ చివర పేగుల్లో, మధ్యలో పేగులన్నీ కుచ్చిళ్లు పడినట్టు ముడుచుకుపోయాయి. ఆపరేషన్ చేశారు, బతికింది. మీ పిల్లి నోట్లోంచి గానీ వెనక నుంచి గానీ దారం వేలాడుతుంటే లాగొద్దు, పేగు కోసుకుపోతుంది, అలాగే తీసుకెళ్లండి. వాడిన దండలు అప్పటికప్పుడు మూత ఉన్న చెత్తబుట్టలో వేయండి. బొకేల్లో వచ్చే పెద్ద లిల్లీలు పిల్లి ఉన్న ఇంట్లోకే రానివ్వకండి, పుప్పొడి నాకినా దాని కిడ్నీలు పోతాయి. పూజకు తెచ్చే గన్నేరు, పచ్చగన్నేరు రెండిటికీ విషమే. ఇంకొకటి, మీది మగ పిల్లి అన్నారు కదా, టెన్షన్‌కి మగ పిల్లులకు మూత్రం బిగుసుకుంటుంది. మట్టి ట్రేలోకి మాటిమాటికీ వెళ్లి కూర్చుని చుక్క రాకుండా లేస్తుంటే తెల్లారేదాకా ఆగొద్దు, అది ఎమర్జెన్సీ.

ఎమర్జెన్సీకి ఎక్కడికి వెళ్లాలో పండగకు ముందే కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. మీ డాక్టర్ ఆ రోజు ఊళ్లో ఉంటారో లేదో కనుక్కోండి, చాలామంది ఉండరు. వేపేరిలో మద్రాస్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది, గిండీ వైపు జంతువుల్ని కాపాడే సంస్థ బ్లూ క్రాస్ ఉంది, పండగ రోజు వాళ్ల వేళలు ముందే ఫోన్ చేసి అడిగి పెట్టుకోండి. ఒళ్లు కాలితే పది నుంచి ఇరవై నిమిషాలు మామూలు కుళాయి నీళ్లు పోయండి, పసుపు, టూత్‌పేస్టు, ఐసు వద్దు. మర్నాడు వీధంతా ఎర్ర కాగితం పరుచుకుని ఉంటుంది, అందులో పేలని టపాకాయలు ఉంటాయి, కుక్కలు వాసన చూసి కొరుకుతాయి. ఆ మందులో గంధకం, నైట్రేట్లు ఉంటాయి, నిషేధమున్నా కొన్నిట్లో బేరియం కూడా ఉంటుంది. వీధి ఊడ్చేదాకా దాన్ని ఆ దారిన తిప్పకండి. మీ గేటు ముందు పడుకునే వీధి కుక్కలకు ఆ రెండు రాత్రులు కార్ పార్కింగ్‌లో ఒక మూల చోటిమ్మని అసోసియేషన్‌ను ఇప్పుడే అడగండి, ముందే అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. వాటి తోకకు సరం కట్టే పిల్లలు కనిపిస్తే ఆపి, వాళ్ల ఇంట్లో చెప్పండి. జంతువును అవిటిదాన్ని చేస్తే భారతీయ న్యాయ సంహిత 325 సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలు పడొచ్చన్న సంగతి పెద్దవాళ్లకు తెలియాలి.

సంక్రాంతికి నెల్లూరంటే కారులో 175 కిలోమీటర్ల దాకా, కుక్కను తీసుకెళ్లడమే మేలని నా మాట. బయల్దేరడానికి మూడు నాలుగు గంటల ముందే తిండి ఆపండి, దారిలో నీళ్లు ఇవ్వండి, ఆగిన ప్రతిచోటా తాడు చేతికి చుట్టుకున్నాకే డోరు తీయండి. టిఫినుకు దిగి దాన్ని కారులో వదిలేయకండి, జనవరి ఎండే అయినా అద్దాలు మూసిన కారులో పది నిమిషాలకే పది డిగ్రీల దాకా వేడి పెరుగుతుంది, ఒకరు తింటుంటే ఒకరు దాని దగ్గర ఉండండి. రైల్లో అయితే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం మీ పేరు మీద ఉంటేనే పక్కన కూర్చోబెట్టుకోనిస్తారు, లేకపోతే గార్డు బోగీలో పెట్టెలో పంపాలి, భయస్తురాలైన కుక్కను నేనైతే అలా పంపను. ఊళ్లో దాన్ని మొదటి రోజు నుంచే విప్పి వదలకండి, కోళ్ల వెంట పడుతుంది, ఊరి కుక్కలు దీని వెంట పడతాయి. రేబిస్ టీకా తేదీ ఇప్పుడే చూసుకోండి. నాటుకోడి కూర వండాక ఉడికిన ఎముకలు ఎవరూ ప్రేమగా వేయకుండా ఇంట్లో పెద్దవాళ్లకు ముందే చెప్పండి, ఉడికిన ఎముక సూదుల్లా చీలి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటుంది.

పిల్లిని మాత్రం ఊరికి తీసుకెళ్లొద్దు. దానికి మనుషుల కంటే ఇల్లు ముఖ్యం, కొత్త చోట మొదటి రాత్రే మాయమవుతుంది. రోజుకు రెండుసార్లు వచ్చి తిండి పెట్టి, ట్రే శుభ్రం చేసి, కాసేపు కూర్చునే మనిషిని చూడండి, పక్క ఫ్లాటు వాళ్లయినా సరే. వాళ్లను డిసెంబరులోనే రెండు మూడుసార్లు ఇంటికి పిలిచి వాళ్ల చేత్తోనే తిండి పెట్టించండి. పిల్లి రోజంతా తినకపోతే మీకు ఫోన్ చేయమనండి, రెండో రోజూ తినకపోతే మీ కోసం ఆగకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లమని చెప్పి, క్యారియర్ బుట్ట తలుపు దగ్గరే పెట్టి, డబ్బులు వాళ్ల చేతిలో పెట్టి వెళ్లండి.